దుక్కిలో దొరికే ఆకుపచ్చ గాజు

మోల్డవైట్ గ్రహశకలం తాకిడికి పుట్టిన సహజమైన గాజు. సుమారు 1.48 కోట్ల ఏళ్ల క్రితం ఇప్పటి దక్షిణ జర్మనీలో ఒక గ్రహశకలం నేలను ఢీకొట్టి, 24 కిలోమీటర్ల వెడల్పున రీస్ బిలాన్ని మిగిల్చింది. ఆ తాకిడికి నేల పైపొరల్లోని ఇసుక, బంకమన్ను కరిగి తూర్పు దిక్కుగా ఎగిశాయి. గాలిలోనే చల్లారి, వందల కిలోమీటర్ల అవతల, ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని దక్షిణ బొహీమియా, మొరావియాల్లో గాజు ముక్కలై రాలాయి. ఇలాంటి గాజుకు టెక్టైట్ అని 1900లో పేరు పెట్టినవాడు ఆస్ట్రియా భూవిజ్ఞాని ఫ్రాంజ్ ఎడ్వర్డ్ సూస్.

రాలిన ముక్కలను వాగులు ఇసుకతో, గులకరాళ్లతో కలిపి ఈడ్చుకుపోయి పూడ్చేశాయి. అందుకే అవి ఇసుక క్వారీల్లోనూ పొలాల్లోనూ దొరుకుతాయి. దున్నిన చేలో వాన కురిసి మట్టి కడుక్కుపోయాక, రైతు అనుమతితో చాళ్ల వెంట నడుస్తూ వెతుకుతారు. నేల మీద అది మామూలు నల్ల గులకరాయే. ఎండకు ఎదురుగా పట్టుకుంటేనే సీసా గాజులాంటి పచ్చదనం బయటపడుతుంది. మొరావియా ముక్కల్లో ఆ పచ్చదనానికి గోధుమ రంగు తోడవుతుంది.

ముక్క పైనున్న గుంటలు, గాళ్లు చాలావరకు ఆకాశంలో పడినవి కావు. భూమిలోని నీరు లక్షల ఏళ్లపాటు గాజును తిని చెక్కినవి. బెసెద్నిట్సె ఊరి దగ్గర దొరికిన ముక్కలకు ఒళ్లంతా ముళ్లే. సేకర్తలు వాటిని ఎంతో అపురూపంగా చూస్తారు.

గిరాకీ పెరిగేకొద్దీ నకిలీలూ పెరిగాయి. అచ్చుల్లో పోసిన పచ్చ గాజును అసలుదని అమ్ముతున్నారు. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం చాలా అనుమానాలు తీరుస్తుంది. అసలు ముక్కలో కరిగిన గాజు పారిన చారలు, గుండ్రంగానూ సాగినట్టుగానూ ఉన్న బుడగలు, మెలికలు తిరిగిన సన్నని పోగులు కనిపిస్తాయి. ఆ పోగులు లెషాటెలియెరైట్, అంటే విపరీతమైన వేడికి కరిగిన ఇసుక రేణువుల ఆనవాళ్లు. ఒకే ఆకారం ముక్క తర్వాత ముక్కలో కనబడితే అది అచ్చు పనే.

ఈ గాజు మళ్లీ పుట్టేది కాదు. దొంగచాటుగా అడవుల్లో గోతులు తవ్వేవాళ్ల వల్ల చెట్ల వేళ్లు తెగుతున్నాయి, ఏ ముక్క ఏ పొరలో ఉండేదో చెప్పే ఆధారమూ చెదిరిపోతోంది. అందుకే మంచి సేకర్త ప్రతి ముక్కకూ దొరికిన ఊరు, పొలం లేదా క్వారీ, తేదీ, బరువు రాసి చీటీ జతచేస్తాడు. ఆ వివరాలున్న చిన్న పెంకు, ఎక్కడిదో తెలియని పెద్ద ముక్క కంటే విలువైనది. గాజు ఎంత దూరం వచ్చి ఎక్కడెక్కడ రాలిందో శాస్త్రానికి చెప్పగలిగేది అదే.