నిలుచున్నపళంగా

అమీర్‌పేటలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కోచింగ్ సెంటర్లు సందుకొకటి వెలిసిన రోజుల్లో ఈ పనిలోకి వచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఇప్పటికీ యూసుఫ్‌గూడలో మా ఇంట్లో కూర్చునే అమెరికా డాక్టర్ల డిక్టేషన్ విని, రిపోర్టులు సరిచూస్తుంటాను. అందులో పదే పదే వినపడే మాట ‘స్టాట్’. స్కాన్ స్టాట్, రక్తపరీక్ష స్టాట్, ఇంజెక్షన్ స్టాట్. మన ఆసుపత్రుల కేస్‌షీట్లలోనూ అదే మాట.

లాటిన్ ‘స్టాటిమ్’కి ఇది పొట్టిరూపం. మూలంలో ఉన్నది నిలబడటం. పాత లాటిన్‌లో స్టాటిమ్ అంటే కదలకుండా, స్థిరంగా అని. అది ‘ఉన్నచోటనే’ అయి, ‘అక్కడికక్కడే’ అయి, చివరికి ‘వెంటనే’ అయింది. రిపోర్టులో పేషెంట్ ‘స్టేబుల్’ అన్న మాట కూడా ఆ వేరుదే. ఒకటి స్థిమితంగా ఉన్నారంటుంది, ఇంకొకటి పరుగెత్తమంటుంది. సంస్కృతంలో ‘స్థా’ ధాతువు వీటికి తోబుట్టువు. స్థితి, స్థానం, స్థిరం అక్కణ్నుంచే మనకొచ్చాయి. మందుల చీటీ మీద రోజుకు రెండుసార్లు అని చెప్పే బి.డి.లోని ‘బిస్’కి ‘ద్విః’, మూడుసార్లు అని చెప్పే టి.డి.ఎస్.లోని ‘టెర్’కి ‘త్రిః’ చుట్టాలు. సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలది ఒకే మూలమై ఉండాలని విలియం జోన్స్ కలకత్తాలో చెప్పింది 1786లో.

తెలుగు ఆ ఇంటిది కాదు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావని క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం పీఠికలో ఎల్లిస్ అనే ఆంగ్లేయ అధికారి 1816లోనే నిరూపించాడు. అయినా మన పెద్దవాళ్లు ఏమంటారు? కబురు అందగానే నిలుచున్నపళంగా బయల్దేరాడు అంటారు. ‘నిలుచు’ అచ్చ తెలుగు. లాటిన్‌తో ఏ సంబంధమూ లేకుండానే మనవాళ్లు నిలబడటంలోనే తొందరను చూశారు. నాకు ఇంత సంతోషం కలిగించిన పోలిక ఈ పనిలో మరొకటి లేదు. ‘వెంటనే’లో ఒకదాని వెంట ఒకటి నడవటం ఉంది; ‘నిలుచున్నపళంగా’లో ఆ నడకకైనా వ్యవధి లేదు.

అయితే వేరు తెలిసినంత మాత్రాన మందు సరిగా పడదు. వార్డులో స్టాట్ అంటే ఇప్పుడే అని మాత్రమే కాదు, ఒక్కసారే అని కూడా. ఆ రెండో అర్థం లాటిన్‌లో లేదు, నర్సుల, డాక్టర్ల వాడుకలో చేరింది. స్టాట్ అని రాసిన చీటీ పట్టుకుని మందుల షాపుకు వచ్చిన మనిషికి రెండూ తెలుగులో చెప్పాలి: ‘ఈ మాత్ర ఇప్పుడే వెయ్యండమ్మా, మళ్లీ వెయ్యొద్దు.’