వాలు తప్పని అక్షరం: నస్తాలీఖ్ లిపిపై కొన్ని ఆలోచనలు

దస్కత్తు చూసి డబ్బిచ్చే ఉద్యోగం నాది. కామర్సు చదువుకుని బ్యాంకులో చేరినవాణ్ణి. కళావిమర్శ నా రంగం కాదు. అయినా అరబ్బీ అక్షరాల్లో పుట్టిన ఒక రాత గురించి నాలుగు మాటలు రాయడానికి సాహసిస్తున్నానంటే అందుకు కారణం కూడా ఒక దస్కత్తే.

1990ల నడుమ రాయచూరులో గుమాస్తాగా ఉన్నప్పుడు ఒక పెద్దాయన నెలకోసారి మా కౌంటరుకి వచ్చేవారు. ఉర్దూ పత్రికలకూ, పెళ్ళి శుభలేఖలకూ చేత్తో రాసిపెట్టే కాతిబ్ ఆయన. ఫారం మీద ఆయన చేసిన సంతకాన్ని నమూనా కార్డుతో పోల్చి చూస్తే వెంట్రుకవాసి తేడా కనిపించేది కాదు. నా సంతకం మాత్రం పొద్దుటికీ సాయంత్రానికీ మారిపోయేది. రద్దీ లేని ఒక మధ్యాహ్నం ఆ రహస్యమేమిటని అడిగాను. ఆయన ఫారం వెనకవైపు ఒక మాట రాసి చూపించి, "ఎక్కడ దిగాలో తెలిస్తేనే ఎక్కడ ఎక్కాలో తెలుస్తుంది బేటా" అన్నారు. అప్పుడు దాన్ని వేదాంతం అనుకున్నాను. ఆయన చెప్పింది అచ్చంగా పని గురించేనని అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆయన రాసే రాత పేరు నస్తాలీఖ్. నస్ఖ్, తాలీఖ్ అనే రెండు పేర్లు కలిసి ఏర్పడిన మాట ఇది. నస్ఖ్ అంటే ప్రతి తీయడం, తాలీఖ్ అంటే వేలాడటం. ఖురాన్ ప్రతులను తొలిరోజుల్లో కోణాలు ఎక్కువగా ఉండే కూఫీ రాతలో రాశారు. తరువాత గుండ్రంగా సాగే రాతలు వచ్చాయి. బాగ్దాదులో వజీరుగా పనిచేసి 940లో చెరసాలలో చనిపోయిన ఇబ్న్ ముఖ్లా వాటికి కొలతలు ఏర్పరచాడని సంప్రదాయం చెబుతుంది. రాజకీయాల్లో ఓడిన ఆయనకు శిక్షగా రాసే చేతినే నరికారు. రెల్లు కలం పాళీని కాగితం మీద నొక్కితే పడే పలకచుక్కే ఆ పద్ధతిలో కొలబద్ద. 'అలిఫ్' అనే నిలువు గీత సులుస్ రాతలో ఏడు చుక్కల ఎత్తు, నస్ఖ్‌లో ఐదు, నస్తాలీఖ్‌లో మూడే. ఈ చిన్న లెక్కలోనే నస్తాలీఖ్ స్వభావం చాలావరకు ఉంది. నిలువును తగ్గించుకుని అడ్డంగా, వాలుగా సాగే రాత అది.

14, 15 శతాబ్దాల్లో ఇరాన్‌లో, షీరాజ్, తబ్రీజ్ ప్రాంతాల్లో ఈ రాత రూపు దిద్దుకుంది. దీన్ని కనిపెట్టిన ఘనతను మీర్ అలీ తబ్రీజీకి కట్టబెడతారు. ఎగిరే పక్షుల రెక్కలను చూసి అక్షరాలు నేర్చుకొమ్మని ఆయనకు కలలో ఆదేశం వచ్చిందని ఒక కథ ఉంది. ఏ రాత అయినా ఒక్కడి కలలోంచి ఊడిపడదని మనకు తెలుసు. అయినా ఈ కథ కట్టినవాడి చూపును మెచ్చుకోవాలి. ఈ రాతలోని వంపు రెక్క వంపే.

ఇక కాతిబ్‌గారి మాటకు వస్తాను. నస్ఖ్‌లో అక్షరాలు ఒక గీత మీద వరుసగా నడుస్తాయి. నస్తాలీఖ్‌లో ఒక్కో మాట పైన మొదలై, కుడినుంచి ఎడమకు మెట్లు దిగినట్టు దిగి గీతను చేరుకుంటుంది. కాబట్టి మొదటి అక్షరం ఎంత ఎత్తున పెట్టాలన్నది దాని తరువాత ఎన్ని అక్షరాలున్నాయో, అవి ఏవో తెలిస్తేనే తేలుతుంది. అదే 'బే' అక్షరం పక్కన 'రే' ఉంటే ఒక తీరుగా, 'మీమ్' ఉంటే మరో తీరుగా రూపు మార్చుకుంటుంది. చివర ఏమిటో తెలియకుండా కలం కాగితం మీద పెట్టడానికి వీల్లేదు. మరో రకంగా చెప్పాలంటే, ఈ రాతలో అక్షరానికి సొంత ఆస్తి లేదు. ఉన్నదంతా మాట పేరన ఉన్న ఉమ్మడి ఖాతాయే. దీని అందమంతా అక్కడే ఉంది, తరువాత వచ్చిన కష్టమంతా కూడా అక్కడే ఉంది.

ముందు అందం సంగతి. హెరాత్‌లో సుల్తాన్ హుసేన్ బైఖరా కొలువులో ఉండి, 1520లో మరణించిన సుల్తాన్ అలీ మష్‌హదీ ఈ రాతకు నెమ్మది నేర్పాడు. కలం చెక్కడం, సిరా కలపడం, కాగితానికి మెరుగు పెట్టడం వంటి విషయాలను వివరిస్తూ ఆయన పద్యాల్లో ఒక గ్రంథం కూడా రాశాడు. ఆయన పుటలు చూస్తే చదవాలనిపిస్తుంది. రాసినవాడు గుర్తుకు రాడు. ఆయన తరువాత కొన్ని తరాలకు మీర్ ఇమాద్ వచ్చాడు. ఆయన పేరు మోగింది 'చలీపా' పుటలతో. చిన్న కాగితం మీద నాలుగు పాదాలను ఏటవాలుగా రాసే పద్ధతి అది. పాదంలో ఏదో ఒకచోట కలం పొడుగ్గా సాగి పడవ అడుగులా వంగుతుంది. దీన్ని కషీదా అంటారు. ఏ పాదంలో ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ బిగపట్టాలి అన్నదే కళాకారుడి వివేకం. అన్ని పాదాల్లోనూ ఒకేచోట సాగదీస్తే ముగ్గు అవుతుంది, ఎక్కడా సాగదీయకపోతే లెక్కల పుస్తకం అవుతుంది. మీర్ ఇమాద్ ఈ రెండింటి మధ్య తప్పటడుగు వేయలేదు. 1615లో ఇస్ఫహాన్‌లో ఆయన హత్యకు గురయ్యాడు. షా అబ్బాస్ అసంతృప్తే ఆ హత్యకు దారి తీసిందని చెబుతారు.

అందం శ్రుతి మించిన చోటు కూడా ఉంది. రాత సాధకులు కాగితం వృథా కాకుండా రాసిన దాని మీదే మళ్ళీ మళ్ళీ రాసి అభ్యాసం చేసేవారు. ఆ నల్లబడ్డ కాగితాన్ని 'సియాహ్ మష్క్' అనేవారు. 19వ శతాబ్దపు ఇరాన్‌లో ఇదే ఒక స్వతంత్ర కళారూపంగా ఎదిగింది. మీర్జా గులాం రజా ఇస్ఫహానీ పుటలు ఇందుకు మంచి ఉదాహరణ. అక్షరాలు గుంపులు గుంపులుగా వాలిన కొంగల్లా ఉంటాయి. చూపు తిప్పుకోలేం. కాని చదవలేం, చదవమని ఆ పుట అడగదు కూడా. ఆధునిక చిత్రకళ ఇక్కడే మొదలయిందని మెచ్చుకునేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ పుటలంటే ఇష్టమూ ఉంది, భయమూ ఉంది. చదివేవాడితో పని లేకుండా పోయిన అక్షరం గోడకు వేలాడదీయడానికి సిద్ధమైన అక్షరమే.

గోడకెక్కితే ఏమవుతుందో తుర్కీ చరిత్ర చెబుతుంది. అక్కడ ఈ రాతను తాలీఖ్ అనే పిలిచేవారు. 1798లో చనిపోయిన మెహ్మద్ అసద్ యెసారీ పుట్టుకతోనే కుడిపక్క చచ్చుబడినవాడు. ఎడమచేత్తో రాసి ఉస్తాదు అయ్యాడు. యెసారీ అంటే ఎడమచేతివాటం వాడు అనే అర్థం. ఆయన, ఆయన కొడుకు కలిసి ఆ రాతను ఇస్తాంబుల్ కట్టడాల మీద పెద్ద పెద్ద అక్షరాల్లో నిలబెట్టారు. 1928లో తుర్కీ ప్రభుత్వం లిపినే మార్చి లాటిన్ అక్షరాలు తెచ్చింది. ఒకటి రెండు తరాలు గడిచేసరికి ఊరి మధ్య చలువరాతి మీద ఉన్న ఆ మాటలను దారిన పోయేవాళ్ళు చదవలేని స్థితి వచ్చింది. అందం చెక్కుచెదరలేదు. చదువరులే లేకుండా పోయారు.

ఇప్పుడు కష్టం సంగతి. సీసపు అచ్చక్షరం ఒంటరిది. పక్కన ఎవరున్నా దాని రూపం మారదు, అది గీత దాటదు. నస్తాలీఖ్ తత్వం దానికి పూర్తిగా విరుద్ధం. 1781లోనే కలకత్తాలో చార్లెస్ విల్కిన్స్ నస్తాలీఖ్ అచ్చక్షరాలు పోతపోసి ఒక పుస్తకం అచ్చువేయించాడు. ఆ తరువాతా ప్రయత్నాలు జరిగాయి. వాలు తెగిపోయి, మాటలు కీళ్ళూడినట్టు కనబడేవి. ఇరాన్ వాళ్ళు రాజీపడ్డారు. పత్రికలకూ పుస్తకాలకూ నస్ఖ్ అచ్చు, కవిత్వానికీ శీర్షికలకూ నస్తాలీఖ్ అని పని పంచుకున్నారు. ఉర్దూవాళ్ళు ఒప్పుకోలేదు. నస్ఖ్‌లో అచ్చయిన ఉర్దూ వాళ్ళ కంటికి పరాయిదిగా తోచింది. రాతి అచ్చు వాళ్ళను ఆదుకుంది. కాతిబ్ జిడ్డు సిరాతో కాగితం మీద రాస్తే దాన్ని రాతి మీదికి దింపి అచ్చువేసేవారు. 1858లో లక్నోలో మొదలైన నవల్ కిషోర్ ముద్రణాలయం ఈ పద్ధతిలోనే వేల పుస్తకాలు వెలువరించింది.

ఈ పట్టుదలకు ఖర్చెంత అని బ్యాంకువాడిగా లెక్క వేయకుండా ఉండలేను. ఒక వాక్యం తప్పిపోతే పుట మళ్ళీ రాయాలి. పత్రిక ఎంత వేగంగా రావాలన్నా కాతిబ్ చెయ్యి ఎంత వేగంగా కదిలితే అంతే. ఇంగ్లీషు పత్రికలు యంత్రాల మీద పరుగు తీస్తుంటే ఉర్దూ పత్రిక చేతిరాతగాళ్ళ బల్లల దగ్గర కాచుకుని కూర్చుంది. దాదాపు రెండు వందల ఏళ్ళు ఇలా నడిచింది. ఖర్చు వైపు చూస్తే ఇది నష్టాల ఖాతా. ఒకప్పుడు నేనూ అదే అనుకునేవాణ్ణి.

1981లో పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్, మోనోటైప్ సంస్థతో కలిసి 'నూరీ నస్తాలీఖ్' తయారుచేశాడు. నూరీ అన్న పేరు ఆయన తండ్రి నూర్ అహ్మద్ జ్ఞాపకార్థం పెట్టింది. అక్షరాలను విడదీసే పని మానేసి, దాదాపు ఇరవై వేల జోడింపు రూపాలను ఒక్కొక్కటిగా చేత్తో రాసి యంత్రానికి అప్పగించారు. ఆ ఏడాదే లాహోరు 'జంగ్' పత్రిక ఆ అక్షరాల్లో వచ్చింది. 1994లో ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ ఆ అందాన్ని మామూలు కంప్యూటర్లకు చేర్చింది. రెండు వందల ఏళ్ళుగా అచ్చుకు లొంగని రాత కోసం చివరికి యంత్రమే వంగింది. ఉర్దూ చదువరులు నస్ఖ్‌తో సర్దుకుపోయి ఉంటే ఈ ఇరవై వేల రూపాల కోసం ఎవరూ కళ్ళు కాయలు చేసుకునేవారు కాదు.

నూరీ నస్తాలీఖ్‌కు విమర్శకుడిగా నేను పూర్తి మార్కులు వేయలేను. మాట వరకు అది ఉస్తాదు రాతే. వాక్యం దగ్గరకొచ్చేసరికి తేడా తెలుస్తుంది. చోటు చాలకపోతే కాతిబ్ చివరి మాటను ముందు మాట భుజాన ఎక్కిస్తాడు, చోటు మిగిలితే ఒక కషీదా లాగుతాడు. యంత్రం ఖాళీ వదులుతుంది. ఒకే మాట పుటలో పదిసార్లు వస్తే పదిసార్లూ ఒకే ముఖంతో వస్తుంది. మా కాతిబ్‌గారి లాంటివాళ్ళ మీద పడిన దెబ్బ మరో లెక్క. 1990ల చివరికి ఆయన ఖాతాలో జమలు ఆగిపోయాయి. తీయడాలే మిగిలాయి. రాత బతికింది కాని రాతగాళ్ళ బతుకు తెల్లారింది. ఈ రెండో పద్దు రాయకుండా మొదటిదాన్ని మాత్రమే రాస్తే అది దొంగ లెక్క అవుతుంది.

1927లో మద్రాసులో మొదలైన 'ముసల్మాన్' అనే ఉర్దూ సాయంకాల పత్రిక కంప్యూటర్లు వచ్చిన తరువాత కూడా ఏళ్ళ తరబడి చేతిరాతతోనే వెలువడింది. నాలుగే పుటలు. ఆలస్యంగా అందే వార్త కోసం మొదటి పుటలో ఒక మూల ఖాళీగా ఉంచేవారట. మీర్ ఇమాద్ చలీపా పక్కన పెట్టి చూస్తే అది గొప్ప రాత కాకపోవచ్చు. కాని ఒక రాతను నిలబెట్టేది ధరల పట్టీ, చావు కబురు, వాన కబురు మోసే ఇలాంటి పుటలేనని నేను అనుకుంటున్నాను. 2014లో గూగుల్ ఒక నస్తాలీఖ్ అక్షరరూపాన్ని విడుదల చేసింది, 2017లో ఆపిల్ ఫోన్లలోకి ఈ రాత వచ్చింది. ఈ గిరాకీ మ్యూజియంలో పుట్టలేదు. తన భాషను తన రాతలోనే చదువుతానని పట్టుబట్టిన మామూలు చదువరి దగ్గర పుట్టింది.

ఇరాన్ వాళ్ళది తప్పు అనడం నా ఉద్దేశం కాదు. అచ్చులో నస్ఖ్ ఉన్నా అక్కడి చేతిరాతలో నస్తాలీఖ్ వాలు కనిపిస్తూనే ఉంటుంది. అలాగే పట్టుదల ఒక్కటే చాలదు. మన దేశంలోనే ఉర్దూ మాట్లాడుతూ ఉర్దూ చదవలేని పిల్లలున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. కలంలోంచో, అచ్చులోంచో అది రోజువారీ పనికి అందుతూ ఉండాలి.

ఈ పత్రిక పాఠకులకు ఇదంతా ఎందుకు చెబుతున్నానో ఈపాటికి తెలిసే ఉంటుంది. మన లిపి కూడా గీత మీద బుద్ధిగా నిలబడేది కాదు. వత్తులు కిందికి జారతాయి, గుడులు నెత్తికెక్కుతాయి. మన అచ్చు కేసుల్లోనూ వందలకొద్దీ అరలు ఉండేవి. ఆ కష్టాన్ని మనవాళ్ళు దాటారు. ఇప్పుడు ఫోను అడిగినంత తెలుగూ చూపిస్తుంది. అడగనిది మనమే. మా అమ్మాయి నాకు రోజూ తెలుగులోనే కబుర్లు పంపుతుంది, ఇంగ్లీషు అక్షరాల్లో. మా అమ్మ నాకు రాసిన ఉత్తరాలు బీరువాలో ఉన్నాయి. మొన్న పండక్కి వచ్చినప్పుడు ఒకటి తీసి, "నాన్నా, నానమ్మ ఏం రాసిందో చదివిపెట్టవా" అని నా చేతికిచ్చింది. చదివాను. గొంతు పట్టేసింది, ఉత్తరంలో ఉన్న విషయానికి కాదు.

తప్పు దానిది కాదు. కలం, కాగితం, దస్కత్తు అన్న మాటలు ఆ వైపు నుంచే అరువు తెచ్చుకున్న భాషలో పుట్టి, ముప్ఫై ఏళ్ళుగా ఇంగ్లీషులో దస్కత్తు పెడుతున్నవాణ్ణి నేను. పోయిన నెల నా సొంత ఖాతాకు నమూనా సంతకం తెలుగులోకి మార్చుకున్నాను. మూడు కార్డులు పాడుచేశాక నాలుగోది కుదిరింది. అమ్మాయి పక్కనే కూర్చుని చూసి, తన పేరు కూడా రాసి చూపించమంది.