చక్కెరయు శీతరక్షణయు – ఒక విమర్శ

మనము తిను అరటికి మొలకెత్తు గింజ లేదు. ఒక రకము నశించినచో దానిని మరల పుట్టించుకొను దారి లేదు. కావుననే బెల్జియమందలి లూవెన్ నగరమున అరటి చిగురుకొనలను ద్రవ నత్రజనిలో, అనగా సున్నకు క్రింద 196 డిగ్రీల చలిలో, దాచుచున్నారు. అందు ముందుగా చక్కెర తినిపించుట యెందులకనుదానికి వాడుకలోనున్న సమాధానము నాకు తృప్తి నీయలేదు.

చక్కెర నీరు గడ్డకట్టు స్థానమును దించును, అందుచే కణములు బ్రతుకునని చెప్పుదురు. లెక్క చూడుడు. 1996లో పానిస్ మున్నగువారు అరటి చిగురు గుంపులను లీటరునకు సుమారు 137 గ్రాముల చక్కెర గల ఆహారముపై రెండు వారములుంచిరి. సాధారణముగా వాడునది 30 గ్రాములు. అంత చక్కెరయు ఆ స్థానమును ఒక డిగ్రీయైన దించజాలదు. 196 డిగ్రీల యెదుట నది యెంత? రష్యా శాస్త్రజ్ఞుడు మాక్సిమోవ్ 1912లోనే ఎఱ్ఱ క్యాబేజీ ముక్కలపై ప్రయోగించి, చక్కెర యిచ్చు రక్షణ ఈ లెక్కకు మించినదని చూపెను. అయినను పాత మాట పోలేదు.

కణమును ప్రధానముగా చంపునది దాని లోపల పుట్టు మంచు స్ఫటికము. చిక్కని చక్కెర ద్రావణము కణములోని నీటిని వెలికి లాగును. కొంత చక్కెర లోనికిని చేరును. మిగిలిన నీరు స్ఫటికము గట్టక గాజువలె బిగియుటకు వీలు కలుగును. నీరు తగ్గినపుడు కణపు పొరలు చెడకుండ కాచునదియు చక్కెరయే. అయిన రెండు వారములేల? నీరు లాగుటకు కొన్ని గంటలు చాలునుగదా! ఆ దినములలో కణము తానే సిద్ధపడుచున్నదని నా తలంపు. చలిదేశపు చెట్టు శీతకాలము రాకముందే తన పిండిని చక్కెరగా మార్చుకొనును. జపానులో సకాయ్ 1960లో అట్టి మల్బరీ కొమ్మలను మెల్లగా గడ్డకట్టించి, పిమ్మట ద్రవ నత్రజనిలో ముంచినను బ్రతికించెను. ఉష్ణదేశపు అరటికి ఆ విద్య రాదు. చక్కెరకేళియని పేరుపెట్టినంత మాత్రమున వచ్చునా?

చక్కెర యొక్కటే చాలుననుట అతిశయోక్తి. కొన్ని అరటిరకములు ఈ పద్ధతికి లొంగినవి, కొన్ని లొంగలేదు. అందుచే 1990లో సకాయ్ మున్నగువారు నారింజ కణములకై కూర్చిన గ్లిసరిన్ మొదలగువాని గాఢద్రావణమును తరువాత అరటికిని వాడవలసివచ్చినది.

ఇక బ్రతికినదనుటకు గుర్తేమి? కరిగించిన ముక్క పచ్చగానుండుట ఒకటి, చిగురించి మొక్క యగుట వేఱొకటి. పచ్చదనమును లెక్కించినపుడు పెద్దదిగా కన్పడు సంఖ్య, మొక్కలను లెక్కించునప్పటికి తగ్గిపోవును.