ఏడుంపావు కిలోల గుండు

ఆంధ్రాలో ఎస్సై కావాలంటే దేహదారుఢ్య పరీక్షల్లో పరుగు, లాంగ్ జంప్‌తో సరి. తెలంగాణలో షాట్‌పుట్ కూడా ఉంది. అక్కడి 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 7.26 కిలోల గుండును 6 మీటర్లు వేయాలి. ఆ ఉద్యోగాల మీద కన్నేసిన కుర్రాళ్లు ఒకరిద్దరు మా ఆగిరిపల్లిలోనూ ఉన్నారు. పొద్దున్నే గుండు పట్టుకుని కనిపిస్తారు.

చూసేవాళ్లకు అది విసరడమే. నిజానికి గుండును విసరకూడదు, నెట్టాలి. అరచేతిలో పెట్టుకోరు. వేళ్ల మొదళ్ల మీద నిలిపి, దవడ కింద మెడకు ఆనిస్తారు. మోచెయ్యి కిందికి జారిందా, నెట్టడం కాస్తా విసరడమవుతుంది, వేళ్లు పట్టేస్తాయి. ఊపు కాళ్లలో పుట్టి నడుం మీదుగా రావాలి, చేతి పని ఆఖర్న. సాధన అయ్యాక మెడ మీద తుప్పు మరక లేదంటే కుర్రాడు గుండును సరిగ్గా ఆనించలేదన్నమాటే.

ఒలింపిక్స్‌లోనూ మగవాళ్ల గుండు బరువు ఇంతే. ఇంగ్లండ్‌లో పోలీసుగా చేసిన జెఫ్ కేప్స్ 1980లో దాన్ని 21.68 మీటర్లు వేశాడు. హామర్ బరువూ అంతే. సరిహద్దు భద్రతా దళం అధికారి ప్రవీణ్ కుమార్ సోబ్తీ 1966 కామన్వెల్త్ క్రీడల్లో హామర్‌తో రజతం, అదే ఏడాది ఆసియా క్రీడల్లో డిస్కస్‌తో స్వర్ణం తెచ్చాడు. టీవీ మహాభారతంలో భీముడు ఆయనే. మనకు అంతకు చాలా ముందే ఇంకో భీముడున్నాడు లెండి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో బరువులెత్తిన మన కృష్ణా జిల్లా దండమూడి రాజగోపాలరావు, 1963లో ‘నర్తనశాల’ భీముడు. ఆయన ఖాకీ తొడగలేదు, అంతే తేడా.

కేప్స్ కథ నాకు మరీ ఇష్టం. ఎవరినో అరెస్టు చేయబోయి, ఆ ఇంట్లో ఉన్న బడ్జీ పిట్టల్ని చూసి మనసు పారేసుకున్నాడట. అంత భారీ మనిషీ జీవితాంతం ఆ చిన్న పిట్టల్నే పెంచాడు. 1980 మాస్కో ఒలింపిక్స్ దగ్గర మాత్రం ఆటకూ ఉద్యోగానికీ పొత్తు కుదరలేదు. ఉద్యోగం వదిలేశాడు. మాస్కోలో ఐదో స్థానం వచ్చింది. 1983లో, 1985లో ప్రపంచంలోకెల్లా బలశాలి పోటీ గెలిచాడు.

బలాన్ని ఒక్కరోజు పరీక్షలో కొలిచి ఉద్యోగమిచ్చే మన పోలీసు శాఖ, ఆ తర్వాత దాన్ని నిలబెట్టుకునే వీలు ఎందుకివ్వదో నాకు అర్థం కాదు. అఖిల భారత పోలీసు క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్, పవర్‌లిఫ్టింగ్, బాడీ బిల్డింగ్ ఉన్నాయి, నిజమే. కానీ టీముకు ఎంపికైనవాడి సంగతి వేరు, స్టేషన్లో డ్యూటీ చేసేవాడి సంగతి వేరు. కండ పెరిగేది బరువెత్తినప్పుడు కాదు, తిని పడుకున్నప్పుడు. రథసప్తమికి మా ఊరి శోభనాచలం కొండ దగ్గర బందోబస్తు పడితే తిండి ఎప్పుడో, పడక ఎక్కడో.

బరువులెత్తే అలవాటున్న ఓ కానిస్టేబుల్‌ని ఇదే అడిగాను.

“నైట్ డ్యూటీ దిగొస్తే నిన్న లేచిన బరువే ఇవాళ లేవదండీ మాస్టారూ” అన్నాడు.

“మరి ఏం చేస్తే బాగుంటుందంటావు?”

“వారానికి మూడు రోజులు ఒకే టైముకి వదిలితే చాలండీ. జిమ్ము ఫీజు నేనే కట్టుకుంటాను.”