పన్నెండు జెర్సీలు

2003 జూలైలో ఒకే ఒక్క రోజున మైక్ సిలింజర్ మూడు ఐస్ హాకీ జట్ల మనిషి అయ్యాడు. కొలంబస్ బ్లూ జాకెట్స్ అతన్ని డాలస్ స్టార్స్‌కు ఇచ్చేసింది. డాలస్ అట్టే పెట్టుకోకుండా అదే రోజు ఫీనిక్స్‌కు పంపి, తనకు కావలసిన డిఫెన్స్ ఆటగాణ్ని అక్కడినుంచి తెచ్చుకుంది. డాలస్ జెర్సీ వేసుకుని సిలింజర్ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అప్పటికి వాళ్లింట్లో రెండు నెలల పసివాడు ఉన్నాడు, కొలంబస్‌లోనే పుట్టినవాడు. 2021లో కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అదే కొలంబస్ జట్టు 12వ ఎంపికగా తీసుకున్న కోల్ సిలింజర్ ఆ పిల్లాడే.

డెట్రాయిట్, ఆనహైమ్, వాంకూవర్, ఫిలడెల్ఫియా, టాంపా బే, ఫ్లోరిడా, ఒటావా, కొలంబస్, ఫీనిక్స్, సెయింట్ లూయిస్, నాష్‌విల్, న్యూయార్క్ ఐలాండర్స్. నేషనల్ హాకీ లీగ్ చరిత్రలో పన్నెండు జట్లకు ఆడి రికార్డు సృష్టించినవాడు సిలింజర్. హాకీ అభిమానులకు ఇదొక క్విజ్ ప్రశ్న. జవాబు చెప్పగానే అందరూ నవ్వుతారు, అక్కడితో ఆ మనిషి కథ అయిపోతుంది. నేనుండేది కొలంబస్‌లోనే. ఆ నవ్వు నేను చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ బాధ కలుగుతుంది. ఎందుకంటే 17 సీజన్లు, 1,049 మ్యాచ్‌లు ఆ లీగ్‌లో నిలబడినవాడి దగ్గర గట్టి పనితనం ఉండి తీరాలి. అదేమిటో తెలుసుకోవాలన్న ఆసక్తి నవ్వేవాళ్లలో ఎవరికీ కనిపించదు.

సిలింజర్‌ది కెనడాలో సస్కాచెవాన్ రాష్ట్రపు రెజైనా. గోధుమ పొలాల నడుమ ఊరు. జూనియర్ హాకీలో అక్కడి రెజైనా ప్యాట్స్ జట్టుకు గోల్స్ కుప్పలుగా కొట్టాడు. 1989లో డెట్రాయిట్ అతన్ని మొదటి రౌండ్‌లో, 11వ ఎంపికగా తీసుకుంది. అక్కడే చిక్కొచ్చింది. సెంటర్ స్థానంలో ఆడే ఈ కుర్రాడు వెళ్లేసరికి ఆ జట్టులో అదే స్థానంలో స్టీవ్ యజర్‌మన్ ఉన్నాడు. కొద్దికాలానికే సెర్గీ ఫెదరోవ్ వచ్చాడు. ఇద్దరూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కినవాళ్లే. వాళ్లను దాటి గోల్స్ కొట్టే పని ఇతనికెవరిస్తారు? 1995లో డెట్రాయిట్ అతన్ని వదిలేసుకుంది. ఆ తర్వాత 1997లో, 1998లో ఆ జట్టు లీగ్ విజేతకు దక్కే స్టాన్లీ కప్ గెలిచింది. సిలింజర్‌కు ఆ కప్పు ఎన్నడూ అందలేదు.

ఇలాంటి చోట చాలామంది కెరీర్ ముగిసిపోతుంది. ఊళ్లో అందరికన్నా బాగా ఆడినవాడు పై లీగ్‌కు వెళ్లి, అక్కడ తనలాంటివాళ్లు వందలమంది ఉన్నారని గ్రహిస్తాడు. గోల్స్ కొట్టేవాళ్ల చోట్లు రెండు లైన్లలోనే ఉంటాయి. ఒక్కో జట్టు మ్యాచ్‌కు 12 మంది ఫార్వర్డ్‌లను దింపుతుంది, ముగ్గురేసి నాలుగు లైన్లు. మూడో లైను, నాలుగో లైను వాళ్లకు వేరే పనులుంటాయి. పెనాల్టీ పడి ఒక మనిషి తక్కువైనప్పుడు ఆ రెండు నిమిషాలూ గోల్ పడకుండా కాయాలి. ఎదుటి జట్టు మేటి ఆటగాణ్ని కదలనివ్వకూడదు. పక్ అనే రబ్బరు బిళ్ల దూసుకొస్తుంటే దారిలో ఒళ్లు అడ్డం పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఫేసాఫ్ గెలవాలి.

ఫేసాఫ్ గురించి కాస్త ఆగి చెప్పాలి. టీవీలో చూసేవాళ్లు ఆ క్షణంలో ఫోన్ తీస్తారు. ఆట ఆగిన ప్రతిసారీ మళ్లీ మొదలయ్యేది దానితోనే, మ్యాచ్‌కు యాభై అరవై సార్లు. ఇద్దరు సెంటర్లు ఎదురెదురుగా నడుం వంచి నిలబడతారు. స్టిక్ అంచు మంచుకు ఆనించాలి. ముందెవరు ఆనించాలో నియమముంది. తర్వాత ఆనించేవాడికి రవ్వంత లాభం. లైన్స్‌మన్ చేతిలోంచి పక్ జారుతుంది. చూపు అతని చేతిమీదే ఉండాలి. కింది చెయ్యి స్టిక్ మీద బాగా దిగువకు జరిగి, పట్టు తిరగేసి ఉంటుంది. లాగాల్సింది వెనక్కి, తన డిఫెన్స్ మనిషి ఉన్న వైపుకు. ఎదుటివాడు కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా? కిందటిసారి ఏ ఎత్తు వేశాడు? ఈ లైన్స్‌మన్ తొందరగా వదులుతాడా, ఆపి వదులుతాడా? ఇవన్నీ లెక్కలోకి రావాలి. చేతులతో గెలవలేననుకుంటే ఎదుటివాడి స్టిక్‌ను తన స్టిక్‌తో బంధించి, పక్‌ను కాలితో తోసైనా తనవాడికి అందించాలి. ముందే కదిలితే లైన్స్‌మన్ బయటికి పంపేస్తాడు, చోటు మరొకడికి పోతుంది. ఇదంతా సెకనులో తేలిపోయే వ్యవహారం. జూనియర్ రోజుల గోల్స్ మొనగాడు సిలింజర్ పై లీగ్‌లో బతికింది ఈ విద్యతో. ఆఖరి నిమిషంలో ఒక గోల్ ఆధిక్యం కాపాడుకోవాలంటే, తన గోల్ పక్కన ఫేసాఫ్ పడినప్పుడు, కోచ్ పిలిచే పేరు అతనిదయ్యేది.

ఈ విద్యకు కొత్త చోట అలవాటుపడాల్సిన పని పెద్దగా లేదు. పక్కవాడు ఎటు పాస్ ఇస్తాడో తెలియాలంటే స్టార్ ఆటగాడికైనా వారాలు పడుతుంది. ఫేసాఫ్‌లో లైన్స్‌మన్, ఎదుటివాడు, తను, అంతే. తెనాలి వైపు కాంట్రాక్టు నాటకాలు చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒక్కో ఊరినుంచి ఒక్కొక్కరు ఆ సాయంత్రానికి దిగుతారు, రిహార్సల్ ఉండదు, ఏ నటుడు ఏ శ్రుతిలో ఎత్తుకున్నా హార్మోనిస్టు క్షణంలో అందుకుంటాడు. చప్పట్లు కృష్ణుడికి పోతాయి. హార్మోనిస్టు సరిగా లేకపోతే మాత్రం ఆ కృష్ణుడు పద్యం ఎత్తలేడు. సీజన్ మధ్యలో, కప్పు మీద ఆశ పుట్టిన జట్లు సిలింజర్ కోసం బేరమాడింది ఇందుకే. మంగళవారం వస్తే బుధవారం రాత్రికి పనికొచ్చే మనిషి కావాలి వాళ్లకు.

ఆ మనిషి ఇంటి సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. బదిలీ వద్దనే షరతు కాంట్రాక్టులో రాయించుకోగలిగేది పెద్ద ఆటగాళ్లే. మిగతావాళ్లకు జనరల్ మేనేజర్ ఫోనే ఉత్తర్వు. అతను ఆ రాత్రో మర్నాడో విమానం ఎక్కుతాడు. ఇల్లు ఖాళీ చెయ్యడం, పిల్లల బడి, కారు తరలించడం, అన్నీ వెనక ఉండిపోయిన భార్య నెత్తిన పడతాయి. ప్రాజెక్టు మారినప్పుడల్లా ఊరు మారే మనవాళ్ల కుటుంబాలు ఈ కొలంబస్‌లో ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలోని ఆడవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

సిలింజర్ కనీసం పై లీగ్‌లోనే ఎక్కువకాలం ఉన్నాడు. ఆ భాగ్యం లేనివాళ్లదే పెద్ద సంఖ్య. పై లీగ్‌లో గడిపిన రోజుకు ఒక జీతం, కింది అమెరికన్ హాకీ లీగ్‌లో గడిపిన రోజుకు దానికి ఎన్నో రెట్లు తక్కువ జీతం, రెండూ ఒకే కాంట్రాక్టులో రాసి ఉంటాయి. కొలంబస్ కింది జట్టు క్లీవ్‌లాండ్‌లో ఉంది. హైవే మీద రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఇక్కడ ఒకడికి గాయమైతే అక్కడినుంచి ఒకడు వస్తాడు, గాయం మానగానే వెనక్కి పోతాడు. అనుభవం పెరిగినవాణ్ని కిందికి పంపాలంటే ముందు 24 గంటలు మిగతా జట్ల ముందు పెట్టాలి. ఎవరైనా కావాలంటే తీసుకోవచ్చు. ఆ ఒక్క రోజు ఎంత పొడుగ్గా గడుస్తుందో తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

అలా ఎక్కువకాలం కిందే గడిపినవాళ్లలో రాబిన్ బావా పేరు మన పాఠకులకు తెలియాలి. బ్రిటిష్ కొలంబియాలోని డంకన్‌లో పంజాబీ కుటుంబంలో పుట్టాడు. 1989లో వాషింగ్టన్ తరఫున దిగి, నేషనల్ హాకీ లీగ్‌లో ఆడిన తొలి భారత సంతతి ఆటగాడయ్యాడు. జూనియర్‌లో అతనూ గోల్స్ వీరుడే. పై లీగ్ అతని దగ్గర కోరింది పిడికిళ్లు. తనవాళ్ల జోలికి వచ్చినవాణ్ని ఢీకొట్టడం, గ్లవ్స్ పడేసి కొట్లాడటం అతని ఉద్యోగమైంది. వాషింగ్టన్, వాంకూవర్, శాన్ హోసే, ఆనహైమ్, నాలుగు జట్లకూ కలిపి 61 మ్యాచ్‌లు. మిగతా కాలమంతా మైనర్ లీగుల్లో గడిచింది. మాకు పొరుగు రాష్ట్రమైన ఇండియానాలోని ఫోర్ట్ వేన్ జట్టుకూ ఆడాడు. గోల్స్ కొట్టగలిగిన చేతులను అలా వాడుకోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఫేసాఫ్ నేర్చుకున్నవాడికి 17 సీజన్లు దక్కాయి. దెబ్బలు తినే పని చేతికొచ్చినవాడికి ఆ ఆయుష్షు ఎక్కడిది?

సిలింజర్ గణాంకాల్లో నాకు అన్నిటికన్నా నచ్చే వరుస 2005-06ది. అంతకుముందు ఏడాది యజమానులకూ ఆటగాళ్లకూ జీతాల తగువు వచ్చి సీజన్ మొత్తం రద్దయింది. తిరిగి మొదలుపెట్టేటప్పుడు లీగ్ నియమాలు మార్చింది. ఆటగాణ్ని పట్టి ఆపే చేష్టలకు రెఫరీలు గట్టిగా పెనాల్టీలు వేశారు, పొడవైన పాస్‌లకు దారి తెరిచారు. అప్పుడతనికి 34 ఏళ్లు. సెయింట్ లూయిస్‌కు 48 మ్యాచ్‌ల్లో 22 గోల్స్ కొట్టాడు. అంత బాగా ఆడుతున్నా అది ఓడిపోతున్న జట్టు కాబట్టి జనవరిలో నాష్‌విల్‌కు పంపేసింది. అక్కడ ఇంకో 10 కొట్టాడు. మొత్తం 32, అతని జీవితంలో అదే అత్యధికం. రెజైనాలో గోల్స్ కొట్టిన కుర్రాడు ఇన్నేళ్లూ ఎక్కడికీ పోలేదు. ఫేసాఫ్‌లు గెలుస్తూ, పెనాల్టీలు కాస్తూ, తన వంతు వచ్చేదాకా ఉన్నాడు. ఆ వేసవిలో ఐలాండర్స్ అతనితో మూడేళ్ల కాంట్రాక్టు రాసుకుంది. మరుసటి సీజన్‌లో ఆ జట్టు ఆడిన 82 మ్యాచ్‌లకూ దిగి 26 గోల్స్ కొట్టాడు.