పేరు నిలబెట్టే కిన్నెర

ఇప్పటి కుర్రకారు రాత్రంతా మేలుకుని చూసే థ్రిల్లర్లకు ఒక వరస ఉంటుంది. ఉన్నట్టుండి పేరొచ్చిన ఒక మనిషి, ఆ పేరును చూసి ఓర్వలేని పెద్దలు, వెంటపడే పోలీసులు, చివరికి చావు. ఈ సరుకంతా తెలంగాణలోని పాలమూరు పల్లెలకు కొత్తేమీ కాదు. పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాయిద్యం మీద అక్కడ ఎప్పటినుంచో వినిపిస్తున్న పండుగ సాయన్న కథలో ఇవన్నీ ఉన్నాయి.

సాయన్న నిజాం కాలపు మనిషి. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టినవాడని జనం చెప్పుకుంటారు. సర్కారు లెక్కలో దొంగ, ఊరి లెక్కలో వీరుడు. పేదింటి పెళ్లికి అక్కరకొచ్చిన పేరే పటేళ్లకు, పట్వారీలకు కంటగింపయింది. ఎంత పేరొస్తే అంత పగ. ఆ పేరే ఆయన్ను చావు దాకా తీసుకుపోయింది. మరో జానపద వీరుడు మియాసాబు కథ కూడా ఇదే నేలది, ఇదే కిన్నెర మీద పాడేది.

వినేవాళ్లకు కథ ముగింపు ముందే తెలుసు. అయినా లేచిపోరు. అదే కథకుడి పనితనం. ముందుగా వీరుడి పుట్టుక, తల్లిదండ్రులు, తాతముత్తాతలు వరసగా వస్తారు. ఇంతటి ఇంటివాడు ఇక ఏం చేస్తాడో అన్న ఆశ అక్కడే మొదలవుతుంది. ఆ తర్వాత కాసేపు పాట, కాసేపు వచనం. పాటలో ఉద్వేగం, వచనంలో సంగతి. సరిగ్గా ఆపద ముంచుకొచ్చే చోట కథకుడు నోరు మూస్తాడు, కిన్నెర ఒక్కటే మోగుతుంది. వినేవాడు ఊ కొట్టడం కూడా మరిచిపోయేది ఆ చోటే. ఏం జరిగిందన్నది కాదు, ఎట్లా జరిగిందన్నదే ఇక్కడ ఉత్కంఠ.

వాయిద్యాన్ని దగ్గరగా చూస్తే ఈ పద్ధతి ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. కిన్నెరకు వెన్నెముక వెదురు బొంగు. దాని కింద ఎండబెట్టి తొలిచిన సొరకాయ బుర్రలు. తీగ పలికిన స్వరాన్ని పెద్దది చేసేవి అవే. బొంగు మీద మెట్లను తేనె మైనంతో నిలబెడతారు. మైనం కాబట్టి కథకుడు మెట్టును కాస్త జరిపి తన గొంతుకు తగ్గట్టు శృతి చేసుకోవచ్చు. వెనకటి రోజుల్లో మెట్లకు అలుగు పెంకులు వాడేవారు, తీగకు వెంట్రుకలో నరమో పనికొచ్చేది. అలుగు ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉంది, వేటాడితే నేరం. సింగారానికి అద్దాలు, నెమలి ఈకలు. దీని గొంతు చిన్నది. డప్పులా ఊరంతా వినిపించదు. అందుకే చుట్టూ దగ్గరగా కూర్చున్న వాళ్లతో మాట్లాడినట్టుగా కథ సాగుతుంది. వేళ్లు మెట్ల మీద గొంతు వెంటే నడుస్తాయి, గొంతు ఆగినప్పుడు అవే ముందుకొస్తాయి.

ఈ విద్య డక్కలి వాళ్లది. మాదిగలకు వాళ్ల కులపురాణమైన జాంబపురాణం చెప్పి, వాళ్లిచ్చిన దానితో బతికిన ఆశ్రిత కులం వాళ్లు. కథ చెప్పే ఊళ్లు, ఇళ్లు వంశపారంపర్యంగా వచ్చే హక్కు. దాన్నే మిరాశి అంటారు. అంటే కళాకారుడికి పెద్ద పేరు అక్కర్లేదు, ఏటేటా పిలిచే ఇల్లుంటే చాలు. మిరాశి ఊళ్లు జారిపోయాక మిగిలింది పేరొక్కటే.

ఆ పేరు ఏపాటిదో కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గారి జీవితం చూపించింది. ఆయనది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలోని అవుసలికుంట, అంటే పాత పాలమూరే. 2021 సెప్టెంబరులో వచ్చిన ‘భీమ్లా నాయక్’ సినిమా పాట ఆయన గొంతుతో మొదలవుతుంది. అందులోనూ ముందుగా వినిపించేది వీరుడి పుట్టుక, తండ్రి తాతల ఊసు. కోట్లమంది విన్నది అచ్చంగా కిన్నెర కథ ఎత్తుగడనే. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024 మే నెలలో అదే మొగులయ్య హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో కూలిపని చేస్తూ ఒక వీడియోలో కనిపించారు. పెళ్లిళ్లు, మందులు, ఇంటి ఖర్చులు వచ్చిన డబ్బును తినేశాయని చెప్పుకున్నారు. ఆ వీడియో చూసి దేశమంతా అయ్యో అంది. కోటి ఎటు పోయిందని ఆయన్నే నిలదీసినవాళ్లూ ఉన్నారు. సత్కారాల్లో కప్పిన శాలువాలు మాత్రం ఎవరి ఇంట్లోనూ పొయ్యి వెలిగించవు.

తప్పు మనిషిది కాదు, మన పద్ధతిది. ఒక్కరిని ఎత్తి నిలబెడితే కళ నిలబడినట్టేనని అనుకుంటున్నాం. పక్కనే నల్లగొండను చూడండి. కవి సుద్దాల హనుమంతు గొల్ల సుద్దులనే జానపద కళారూపాన్ని తెలంగాణ సాయుధ పోరాటానికి వాడుకుంటే, పాత రూపానికి కొత్త పని దొరికి అది జనంలో బతికింది. కిన్నెరకు దొరికింది సినిమా పాటలో కొన్ని క్షణాలు మాత్రమే.

కిన్నెరకు కావాల్సింది మరో బిరుదు కాదు. పాలమూరు కాలేజీల్లో నేర్పే కొలువు, వెదురు, బుర్ర పని తెలిసినవాళ్ల దగ్గర శిష్యరికం చేసే పిల్లలకు నెలనెలా కొంత భృతి, పాడగలిగినవాళ్లు ఉండగానే సాయన్న, మియాసాబు కథలను మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేసే పని కావాలి. ఇవి సర్కారు వంతు. మన వంతు ఇంకా చిన్నది. ఊళ్లో పెళ్లికో, బడి వార్షికోత్సవానికో కిన్నెర కథకుణ్ని పిలవండి, ఫొటో దిగి పంపేయకండి. కథ మొత్తం వినండి, డీజేకు ఎంత ఇస్తారో ఆయనకూ అంత ఇవ్వండి.