కమాన్లకు కళ్లెం

వరికోతల రోజుల్లో నేరేడుచర్ల నుంచి మిర్యాలగూడ దాకా పాత అంబాసిడర్ నడిపి చూడండి. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. మిగతా సగంలో మిల్లులకు పోయే లారీలు. ఎదురుగా ఒకటి వచ్చిందంటే మన ఎడమ చక్రాలు తారు దిగి మట్టిలో పడాల్సిందే. మళ్లీ తారెక్కాక కారు ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టండి. ఒకసారి కుంగి, లేచి, కుదురుకుంటే షాకబ్జర్లు బతికున్నట్టే. నాలుగుసార్లు ఊగితే వెనక సీట్లో పెద్దమ్మకు వాంతి ఖాయం.

బండి బరువు షాకబ్జర్లు మోస్తాయనుకుంటారు చాలామంది. మోసేవి కమాన్లు. కమాను కుంగి లేచే ఊపును పట్టి ఉంచే కళ్లెం షాకబ్జరు. లోపలి నూనె సన్నని దారుల్లోంచి దూరిపోవాల్సి రావడంతో ఆ ఊపు వేడిగా మారుతుంది. అందుకే గతుకుల రోడ్డు మీద కొంత దూరం పోయాక నాలుగింటినీ చేత్తో తాకి చూడమంటారు. మూడు వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉంటే, ఆ చల్లనిది పని మానేసినట్టు.

ఇక ఒరిజినలా, కొత్తవా అన్న పేచీ. ముందు తేల్చాల్సింది ఆ బండికి ఒరిజినల్ అంటే ఏదన్నది. మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అచ్చున ఉత్తర్‌పారాలో 1957లో మొదలైన అంబాసిడర్ 2014 దాకా వచ్చింది. తొలినాళ్ల బండ్లలో ఉన్నవి లివర్ షాకబ్జర్లు: నూనె నింపిన ఇనుప డబ్బా, దాని పక్కనుంచి పొడుచుకొచ్చిన చెయ్యి. సైకిల్ పంపులా సాగి ముడుచుకునే టెలిస్కోపిక్ రకం తర్వాతి బండ్లకు వచ్చింది. కాబట్టి మీ బండి ఏ ఏటిదో చూడకుండా ఒరిజినల్ కావాలని పట్టుబడితే, దానికి ఎన్నడూ లేనిది తెచ్చి బిగించినట్టవుతుంది.

లివర్ రకానికి ఉన్న గొప్ప గుణం, దాన్ని విప్పవచ్చు. సీలు మార్చి, అరిగిన షాఫ్టు బాగుచేయించి, నూనె పోసి మళ్లీ బిగించవచ్చు. మామూలు టెలిస్కోపిక్ కారడం మొదలైతే పాత ఇనుముకే. కాని లివర్ డబ్బాలో పోసే నూనె దగ్గరే మనవాళ్లు తప్పు చేస్తారు. చేతికందిన ఇంజిన్ ఆయిల్ పోసేస్తారు. చిక్కని నూనె సన్నని దారుల్లో కదలక బండి కట్టెలా తయారవుతుంది. సరైన నూనె పోసినా లివర్‌కు ఒక లోటుంది. డబ్బాలో పట్టే నూనె కొంచెమే, త్వరగా కాగి పలచబడుతుంది. కోదాడలో హైవే ఎక్కి విజయవాడ దాకా పోయేవాడికి ఆ తేడా స్టీరింగ్ మీదే తెలుస్తుంది.

టెలిస్కోపిక్‌లోనే గ్యాస్ రకం షాకబ్జర్లలో నైట్రోజన్ ఒత్తిడి ఉంటుంది కాబట్టి నూనె అంతగా నురగెత్తదు, పట్టు సడలదు. అయితే ఆ ఒత్తిడి బండిని కాస్త పైకి లేపుతుంది కూడా. కొత్త బండ్ల కోసం చేసిన గట్టి రకాన్ని తుప్పు పట్టిన పాత ఛాసిస్‌కు బిగిస్తే, పగిలేది షాకబ్జరు కాదు, అది పట్టుకున్న చోటు. కొలత ఇంకో చిక్కు. జాకీ ఎత్తి చక్రం వేలాడినప్పుడు ఒకసారి, అయిదుగురు ఎక్కి డిక్కీలో బియ్యం బస్తా వేశాక ఒకసారి కొలవాలి. రెండు కొసల్లోనూ షాకబ్జరుకు ఇంకా కాస్త కదలిక మిగలాలి.

ముందు చక్రాల దగ్గర మరీ జాగ్రత్త. మారిస్ మైనర్ లాంటి ఆనాటి బ్రిటిష్ కార్లలో లివర్ చెయ్యే చక్రాన్ని పైనుంచి పట్టుకునే చెయ్యి. దాన్ని ఊడబీకి టెలిస్కోపిక్ పెడదామంటే చక్రానికి పైన ఆధారమే ఉండదు.

చట్టం మాటా చూసుకోవాలి. వింటేజ్ బండ్ల కోసం 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. రోజువారీ తిరగడానికీ వీల్లేదు. ఆ నంబరు కావాలనుకునేవాడు షాకబ్జరు కోసం ఛాసిస్‌కు వెల్డింగ్ పెట్టించడం తెలివైన పని కాదు.

చౌమహల్లా ప్యాలెస్‌లో నిలబడ్డ నిజాం రోల్స్‌రాయిస్‌కు వడ్ల కుప్పల బాధ లేదు, దానికి ఒరిజినలే అందం. మన రోడ్ల మీద తిరగాల్సిన లివర్ బండికి నేనైతే ముందువి విప్పించి బాగుచేయిస్తాను. వెనక మాత్రం మెత్తటి టెలిస్కోపిక్, అదీ ఉన్న రంధ్రాలకే బోల్టులతో బిగించే బ్రాకెట్ మీద. అంతకంటే ముందు కమాన్ల మధ్య తుప్పు గీకిస్తాను. బిర్రబిగిసిన కమాన్ల నేరం షాకబ్జర్ల మీద వేసే మెకానిక్కులకు కొదువ లేదు.

విప్పిన వెనక డబ్బాలను తూకానికి వెయ్యకండి. గ్రీజు పూసి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టండి. ఎడమది కుడికి పట్టదు కాబట్టి, ఏది ఏ పక్కదో ఒక చీటీ మీద రాసి కట్టండి.